ప్రశ్నలు – జవాబులు: అరిచే బాసు, పెరగని జీతం, ఆగిపోయిన రిలీవింగ్ లెటరు

ఈసారి శీర్షిక మొత్తం ప్రైవేటు కంపెనీల్లో పనిచేసేవారి ఉత్తరాలకే ఇచ్చేశాం. పేర్లు, కంపెనీల పేర్లు వద్దని దాదాపు అందరూ కోరారు కాబట్టి తీసేశాం. పొడవాటి ఉత్తరాలను కుదించాం.

ప్రశ్న: మా మేనేజరు ఏ పనీ రాసివ్వడు. పొద్దున కాల్‌లో ఒకటి చెప్పి, సాయంత్రం అందరి ముందూ ‘నేనలా చెప్పలేదే’ అంటాడు. పని బాగుంటే పేరు ఆయనది, తేడా వస్తే తప్పు నాది. హెచ్ఆర్ దగ్గరికి వెళితే ‘ఆధారాలున్నాయా’ అన్నారు. ఏం ఆధారాలు చూపించాలి?

జవాబు: ఆయన రాసివ్వడు, ఆ ఆశ వదిలేయండి. రాయాల్సింది మీరే. కాల్ అయిపోయిన పావుగంటలోపు ఒక చిన్న మెయిల్ పెట్టండి. ఇలా ఉంటే చాలు:

‘ఇవాళ 10.30 కాల్‌లో అనుకున్న ప్రకారం ముందు బిల్లింగ్ రిపోర్టు, తర్వాత డాష్‌బోర్డు చేస్తున్నాను. రిపోర్టు గురువారం సాయంత్రం 5 గంటలకు ఇస్తాను. అందువల్ల డాష్‌బోర్డు సోమవారానికి జరుగుతుంది. మార్పులుంటే ఇవాళ సాయంత్రంలోగా చెప్పండి. లేకపోతే ఇలాగే మొదలుపెడతాను.’

ఇందులో అసలు బలం మూడో వాక్యానిది. ఒక పని ముందుకు తెస్తే ఏది వెనక్కి పోతుందో అందరూ మనసులో అనుకుంటారు గానీ రాయరు. తర్వాత తిట్లు పడేది సరిగ్గా అక్కడే. ‘మీరే కదా చెప్పారు’ అనే ధోరణి మెయిల్‌లో ఎక్కడా కనిపించకూడదు. మొదటి రోజే ఆయన పైఅధికారికి కాపీ పెట్టకండి. అది పోట్లాటకు పిలిచినట్టవుతుంది, పైగా అప్పటికి మీ దగ్గర ఒక్క మెయిలే ఉంటుంది. ఆయన ఫోన్ చేసి మాట మారిస్తే అదే మెయిల్ కింద ‘ఇప్పుడు ఫోన్‌లో చెప్పినట్టు క్రమం మార్చాను’ అని మరో లైను చేర్చండి. నెల తిరిగేసరికి వరుస దానంతటదే తయారవుతుంది. ఇలాంటి మెయిళ్లు మొదలయ్యాక చాలామంది మేనేజర్లు మాట్లాడే తీరు కూడా కాస్త మారుతుంది. అది మర్యాద పుట్టుకొచ్చి కాదు, రికార్డు ఉందని తెలిసి.

తిట్లూ అవమానాల సంగతి వేరు. వాటికి ఇంట్లో ఒక నోటుపుస్తకం పెట్టుకోండి. తేదీ, సమయం, ఎవరెవరు ఉన్నారు, ఆయన అన్న మాటలు యథాతథంగా, దానివల్ల ఏ పని దెబ్బతింది అన్నవి రాయండి. ‘అవమానించాడు’ అని రాస్తే ఎవరికీ ఏమీ తెలియదు, ఆయన నోటి నుంచి వచ్చిన వాక్యమే రాయాలి. ఈ రికార్డు ఆఫీసు ల్యాప్‌టాప్‌లో మాత్రం వద్దు. ఉద్యోగం తీసేసిన గంటలోనే లాగిన్ ఆగిపోతుంది, దాంతోపాటు మీ రికార్డూ పోతుంది.

ఇక్కడే చాలామంది ఇంకో పొరపాటు చేస్తారు. కోపంలో ఆఫీసు మెయిళ్లన్నీ సొంత ఐడీకి ఫార్వర్డ్ చేసేస్తారు. వాటిలో క్లయింటు డేటా ఒక్క ముక్క ఉన్నా కంపెనీ భద్రతా వ్యవస్థ పట్టుకుంటుంది. మీ ఫిర్యాదు పక్కకు పోయి, డేటా బయటికి పంపారన్న కేసు మీ మీదే మొదలవుతుంది. దాచుకోదగ్గవి వేరే ఉన్నాయి: ఆఫర్ లెటరు, నియామక పత్రం, ఇంక్రిమెంటు లెటర్లు, మీ రేటింగులు, పే స్లిప్పులు. ఇవి మీవి. ఈ వారమే డౌన్‌లోడ్ చేసి ఇంట్లో పెట్టుకోండి.

హెచ్ఆర్‌కి రాసే ఫిర్యాదు ఒక్క పేజీ దాటకూడదు. మూడు సంఘటనలు చాలు. తేదీలు, చూసినవారు, కంపెనీ ప్రవర్తనా నియమావళిలో ఏ నిబంధన, చివరగా మీకు ఏం కావాలి. ‘వాతావరణం విషపూరితంగా ఉంది’ అని రాస్తే వాళ్లు చేయగలిగింది ఏమీ ఉండదు. ‘రిపోర్టింగ్ మార్చండి’, ‘టార్గెట్లు రాతపూర్వకంగా ఇప్పించండి’ అంటే అవుననో కాదనో జవాబు చెప్పక తప్పదు. హెచ్ఆర్ కంపెనీ విభాగమే తప్ప ఉద్యోగుల సంఘం కాదన్న సంగతి మాత్రం గుర్తుంచుకోండి.

చట్టం ఎంతవరకు ఆదుకుంటుందో కూడా చెప్పాలి. బాసు అరవడం, చిన్నబుచ్చడం వంటి వాటికి మన దేశంలో ప్రత్యేక చట్టం లేదు. లైంగిక వేధింపులైతే 2013 చట్టం ఉంది. పదిమంది, అంతకు మించి ఉద్యోగులున్న ప్రతి సంస్థలోనూ అంతర్గత కమిటీ ఉండాలి. చివరి సంఘటన జరిగిన మూడు నెలల్లోగా రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. తగిన కారణం ఉంటే కమిటీ మరో మూడు నెలలు గడువు ఇవ్వవచ్చు. విచారణ 90 రోజుల్లో ముగియాలి. కులం పేరుతో దూషణ ఎస్సీ, ఎస్టీ ఉద్యోగుల మీద నలుగురి ముందు జరిగితే 1989 అత్యాచారాల నిరోధక చట్టం కిందికి వస్తుంది, అది పోలీసులకు చెప్పాల్సిన విషయం.

ప్రశ్న: నా ప్యాకేజీ ఏడాదికి 6 లక్షలు. నెలకు 50 వేలు అనుకుని చేరితే చేతికి 37 వేలు చిల్లర వస్తోంది. రెండేళ్లుగా ఇంక్రిమెంటు లేదు. ఇది మోసమా, నాకే అర్థం కాలేదా? జీతం పెంచమని ఎలా అడగాలి?

జవాబు: మోసం కాదు, కానీ తెలివిగా పేర్చిన అంకెలు. మీలాంటి ప్యాకేజీ మామూలుగా ఎలా చీలుతుందో చూడండి. బేసిక్ సగం, అంటే ఏడాదికి 3 లక్షలు. దాని మీద కంపెనీ కట్టే పీఎఫ్ 12 శాతం, 36,000. గ్రాట్యుటీ (ఉద్యోగం మానేటప్పుడు కంపెనీ ఇచ్చే సొమ్ము) కింద బేసిక్‌లో 4.81 శాతం, 14,430. వేరియబుల్, అంటే పనితీరును బట్టి ఇచ్చే భాగం, 10 శాతం, 60,000. ఇవన్నీ ‘మీ ప్యాకేజీ’లో ఉంటాయి గానీ నెలనెలా చేతికి రావు. మిగిలింది 4,89,570, నెలకు 40,797. అందులోంచి మీ వాటా పీఎఫ్ 3,000, వృత్తి పన్ను 200 పోగా 37,597. మీరు చెప్పిన అంకె అదే. ఇన్సూరెన్సు ప్రీమియం కూడా ప్యాకేజీలోనే కలిపితే ఇంకా తగ్గుతుంది. ఆదాయపు పన్ను మీ స్థాయికి కొత్త విధానంలో పడదు.

పీఎఫ్ ఎటూ మీ ఖాతాలోనే ఉంటుంది, దాని గురించి బాధ అక్కర్లేదు. కోపం రావాల్సింది గ్రాట్యుటీ మీద. శాశ్వత ఉద్యోగికి ఐదేళ్లు నిండితేనే అది వస్తుంది. మూడో ఏట మానేసినవారికి ఆ 14,430 కాగితం మీదే ఉండిపోతుంది. నిర్ణీత కాల ఒప్పందం మీద పనిచేసేవారికి కొత్త సామాజిక భద్రతా కోడ్ ప్రకారం ఏడాది చాలు. వేరియబుల్‌కి కూడా ఒక మెలిక ఉంటుంది. చెల్లించే రోజున ఉద్యోగంలో ఉంటేనే ఇస్తామని చాలా ఆఫర్ లెటర్లలో చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది.

ఇంకో లెక్క కూడా వేసుకోండి. నెలకు 22 రోజులు, రోజుకు 9 గంటలైతే 198 గంటలు, గంటకు సుమారు 190 రూపాయలు. అదే రోజుకు 12 గంటలు, నాలుగు శనివారాలు ఆరేసి గంటలైతే 288 గంటలు, గంటకు 130. జీతం పెరగకపోవడం ఒక ఎత్తయితే, ఈ తరుగుదల పే స్లిప్పులో ఎక్కడా కనిపించదు. వేరే ఆఫర్‌తో పోల్చేటప్పుడు ఈ అంకెనే పోల్చండి.

అడగడం విషయానికొస్తే, అప్రైజల్ మీటింగులో అడిగేవారికి ఏమీ రాదు. అప్పటికి బడ్జెట్టు పంచేసి ఉంటారు, మీటింగు అనేది ఫలితం చెప్పడానికే. రెండు మూడు నెలల ముందే మొదలుపెట్టాలి. ముందుగా బయట మీ అనుభవానికి ఎంత ఇస్తున్నారో తెలుసుకోండి. ఇద్దరు ముగ్గురు రిక్రూటర్లతో మాట్లాడితే ఒక అంచనా వస్తుంది. తర్వాత ఒక పేజీ రాయండి. అందులో మీ కష్టం వద్దు, కంపెనీకి కలిగిన లాభం కావాలి: ఏ పని ఎన్ని గంటలు తగ్గించారు, మానేసిన సహోద్యోగి పనిలో ఏ భాగం మీ మీద పడింది, ఏ క్లయింటు మీ వల్ల నిలబడ్డాడు. ఇల్లు కట్టుకుంటున్నా, పిల్లల ఫీజులున్నాయి అనే కారణాలు నిజమే కావచ్చు, కానీ అక్కడ పనిచేయవు. శాతం కాకుండా ఒక అంకె చెప్పండి, అదీ ఫిక్స్‌డ్ జీతంలో. వేరియబుల్ పెంచుతామంటే అది పెంపు కాదు, మాట ఇవ్వడం మాత్రమే.

‘వచ్చేసారి చూద్దాం’ అన్నారా? ఏ లక్ష్యం చేరితే, ఏ నెలలో, ఎంత అని మెయిల్‌లో అడగండి. జవాబు రాకపోతే అదే జవాబు. డబ్బు బదులు హోదా ఇస్తామంటే మాత్రం తీసుకోండి, తర్వాతి ఉద్యోగంలో దానికి విలువ ఉంటుంది. టీమ్ లంచ్, మెచ్చుకోలు సర్టిఫికెట్లు ఆ కోవలోకి రావు.

ప్రశ్న: నన్ను 60 రోజుల పీఐపీలో (పనితీరు మెరుగుపరచుకోమని ఇచ్చే గడువు) పెట్టారు. నిన్న గదిలోకి పిలిచి, ఇవాళే రాజీనామా చేస్తే మంచి లెటరు ఇస్తాం, లేకపోతే టెర్మినేషనే అన్నారు. ఏం చేయాలి?

జవాబు: ఆ గదిలో సంతకం చేయకండి. ‘కాగితం ఇవ్వండి, చదివి రేపు మెయిల్‌లో జవాబిస్తాను’ అనండి. ఇదొక్క వాక్యం నేర్చుకుంటే చాలు, వాళ్ల తొందర దేనికో అర్థమవుతుంది. రాజీనామా మీ చేత్తో రాస్తే, తీసేసినందుకు వాళ్లు చూపాల్సిన కారణం, ఇవ్వాల్సిన నోటీసు రెండూ మాయమవుతాయి. మన రెండు రాష్ట్రాల్లోనూ వర్తించే 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం ప్రకారం ఆరు నెలలు వరుసగా పనిచేసిన ఉద్యోగిని సహేతుకమైన కారణం లేకుండా, నెల నోటీసు లేదా దానికి బదులు జీతం ఇవ్వకుండా తీసేయకూడదు. మేనేజ్‌మెంటు హోదాలో ఉన్నవారికి మాత్రం ఈ రక్షణ దొరక్కపోవచ్చు.

ఇప్పటికే సంతకం చేసి ఉంటే అదే రోజు హెచ్ఆర్‌కి మెయిల్ పెట్టండి: ఫలానా సమయంలో, ఫలానావారి సమక్షంలో, ఒత్తిడి మీద సంతకం చేశానని. వారం ఆగితే ఆ మాటకు బలం తగ్గిపోతుంది.

పీఐపీ నిజమైనదా, పంపించడానికి కాగితమా అన్నది ఆ పత్రం చదివితేనే తెలుస్తుంది. ప్రతి లక్ష్యానికీ అంకె, వారంవారం సమీక్ష తేదీ, సాయం చేసే మనిషి పేరు ఉంటే కొంత ఆశ ఉన్నట్టే. ‘ఓనర్‌షిప్ చూపాలి’, ‘దృక్పథం మారాలి’ వంటి మాటలే ఉంటే నిర్ణయం అయిపోయిందనుకోండి. రెండింట్లో ఏదైనా మీరు చేయాల్సింది ఒకటే. పత్రం అందుకున్నట్టు సంతకం పెడుతూ పక్కన ‘అందింది, అంగీకరించినట్టు కాదు’ అని రాయండి. అంకెలు లేని ప్రతి అంశానికీ కొలమానం ఏమిటో మెయిల్‌లో అడగండి. ప్రతి సమీక్ష తర్వాతా ఏమన్నారో రాసి పంపండి. ఉద్యోగ వేట ఆ రోజే మొదలుపెట్టండి.

వెళ్లక తప్పదని తేలితే బేరం ఆడండి. చాలామంది అవమానభారంతో ఏమీ అడగకుండానే లేచి వచ్చేస్తారు. నోటీసు కాలం జీతం, మిగిలిన సెలవులకు డబ్బు, రిలీవింగ్ లెటర్లో (ఉద్యోగం నుంచి విడుదల చేశామన్న పత్రం) ఉండే వాక్యాలు ముందే చూపించడం, ఇన్సూరెన్సు ఏ తేదీ వరకు అన్నవి రాతలో తీసుకున్నాకే సంతకం.

ప్రశ్న: నోటీస్ పీరియడ్ 90 రోజులు. కొత్త కంపెనీ 30 రోజుల్లో రమ్మంటోంది. ఇక్కడ బైఅవుట్ (మిగిలిన నోటీసు రోజులకు డబ్బు కట్టి ముందే వెళ్లడం) లేదంటున్నారు. ముందుగా వెళితే రిలీవింగ్ లెటరు ఇవ్వరట, పైగా మధ్యలో మానేస్తే రెండు లక్షలు కట్టాలన్న బాండు ఉందని బెదిరిస్తున్నారు. నన్ను ఆపగలరా?

జవాబు: కూర్చోబెట్టి పని చేయించలేరు. 1963 స్పెసిఫిక్ రిలీఫ్ చట్టంలోని 14వ సెక్షన్ వల్ల ఇలాంటి వ్యక్తిగత సేవా ఒప్పందాలను కోర్టులు బలవంతంగా అమలు చేయించవు. డబ్బు మాత్రం అడగగలరు. కాబట్టి ప్రశ్న ‘ఆపగలరా’ అని కాదు, ‘ఎంత అడగగలరు’ అని.

నియామక పత్రం తీసి మూడు చోట్ల వేలు పెట్టి చదవండి. నోటీసు ఇద్దరికీ సమానమా? ‘లేదా దానికి బదులు జీతం’ అని ఉందా, ఉంటే ఆ ఎంపిక ఎవరిది? జీతం అంటే బేసికా, గ్రాసా (కోతలకు ముందు నెల జీతం మొత్తం)? మూడోది చాలా ముఖ్యం. 6 లక్షల ప్యాకేజీ ఉత్తరంలోని జీతమే తీసుకుంటే, 60 రోజుల లోటుకు బేసిక్ మీద 50,000 అవుతుంది, గ్రాస్ మీద 81,594. ‘ఎంపిక కంపెనీది’ అని ఉంటే బైఅవుట్ ఒప్పుకోకపోవడం వాళ్ల హక్కే. అయినా కొత్త కంపెనీని 45 రోజులు అడిగి, ఇక్కడ పని అప్పగింత ముందే పూర్తిచేసి చూపిస్తే చాలాచోట్ల దిగి వస్తారు. బైఅవుట్ సొమ్ము కొత్త కంపెనీ ఇస్తే అది మీ జీతంలో కలిసి పన్ను పడుతుంది, బేరంలో ఆ తేడా కూడా అడగండి.

చెప్పకుండా మానేయడం మాత్రం వద్దే వద్దు. రికార్డుల్లో ‘అబ్‌స్కాండింగ్’ అని పడితే బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో ప్రతిసారీ మీ వెంట వస్తుంది. రాజీనామా మెయిల్‌లో ‘నా చివరి పనిదినం ఫలానా తేదీ’ అని స్పష్టంగా ఉండాలి. కారణం ‘వ్యక్తిగతం’ చాలు. మేనేజరు మీద కోపం అందులో దింపుకోకండి, ఆ మెయిల్ ఎన్నేళ్లయినా ఫైల్లో ఉంటుంది. అప్పగింతకు ఒక జాబితా రాసి, ఎవరికి ఏది ఇచ్చారో పెట్టి, అందిందని జవాబు తీసుకోండి. ల్యాప్‌టాప్ ఇచ్చేటప్పుడు సీరియల్ నంబరు ఉన్న రసీదు అడగండి, నంబరు కనిపించేలా ఫొటో తీసుకోండి. మూడు నెలల తర్వాత ఛార్జరు రాలేదని జీతం కోసే కంపెనీలున్నాయి.

బాండు విషయంలో ‘చెల్లదు, పట్టించుకోవద్దు’ అనే సలహా బాగా చలామణిలో ఉంది. అది సగమే నిజం. 2025 మేలో విజయా బ్యాంకు కేసులో సుప్రీంకోర్టు మూడేళ్లలోపు మానేస్తే 2 లక్షలు కట్టాలన్న షరతును సమర్థించింది. అక్కడ ఉన్నది ప్రభుత్వ రంగ బ్యాంకు, నియామకానికి పెద్ద ప్రక్రియ, సీనియర్ హోదా. ప్రైవేటు కంపెనీ విషయంలో 1872 కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ చూడాలి. బాండులో ఎంత రాసుకున్నా వచ్చేది సహేతుకమైన పరిహారమే, రాసిన అంకె గరిష్ఠ పరిమితి. ‘శిక్షణకు ఏం ఖర్చయింది, వివరాలు ఇవ్వండి’ అని రాతపూర్వకంగా అడగండి. రెండు రోజుల పరిచయ తరగతులు తప్ప శిక్షణే లేని చోట ఈ ప్రశ్నకు జవాబు రావడం కష్టం. లీగల్ నోటీసు వస్తే మాత్రం పక్కన పడేయక లాయరుతో జవాబు ఇప్పించండి. ‘మానేశాక పోటీ కంపెనీలో ఏడాది చేరకూడదు’ అన్న షరతు సంగతి వేరు, అది అదే చట్టం 27వ సెక్షన్ ప్రకారం చెల్లదు. కంపెనీ రహస్యాలు, క్లయింటు జాబితాలు పట్టుకెళ్లకూడదన్నది మాత్రం చెల్లుతుంది.

లెక్క తేల్చడానికి 45 రోజులు పడుతుందని ఇంకా చెబుతుంటారు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ ప్రకారం రాజీనామా చేసినా, తీసేసినా, రావాల్సిన వేతనాలు రెండు పనిదినాల్లో ఇవ్వాలి. గ్రాట్యుటీకి 30 రోజులు. ఆ గడువు దాటితే ముందు ఆ నిబంధన పేర్కొంటూ మెయిల్, తర్వాత కార్మిక శాఖ కార్యాలయంలో ఫిర్యాదు. మేనేజరు హోదా ఉన్నా ఈ కోడ్ కింద వేతనం అడగొచ్చు. మూడేళ్ల దాకా సమయం ఉంది గానీ అంతసేపు ఆగకండి.

రిలీవింగ్ లెటరు ఇవ్వకపోతే ప్రపంచం ఆగిపోదు. రాజీనామా మెయిల్, దానికి వచ్చిన జవాబు, నియామక పత్రం, చివరి మూడు పే స్లిప్పులు, జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంటు, పీఎఫ్ సర్వీసు వివరాలు కలిపి చూపిస్తే ఒప్పుకునే కంపెనీలు చాలా ఉన్నాయి. కాకపోతే ఆఫర్ తీసుకునే ముందే ఆ మాట చెప్పండి, చేరే రోజు కాదు.

ప్రశ్న: పే స్లిప్పులో పీఎఫ్ కోత ఉంది. ఖాతాలో మాత్రం ఐదు నెలలుగా ఏమీ పడలేదు. అడిగితే ‘క్యాష్ ఫ్లో సమస్య’ అంటున్నారు.

జవాబు: ఇది మిగతావాటిలా సర్దుకుపోయే విషయం కాదు. ఈ నెల కోత వచ్చే నెల 15లోగా జమ కావాలి. ఉద్యోగి జీతంలో కోసి కట్టకపోవడం నమ్మకద్రోహం కింద క్రిమినల్ నేరం. ముందు పాస్‌బుక్ డౌన్‌లోడ్ చేయండి, ఉమంగ్ యాప్‌లోనూ దొరుకుతుంది. రిజిస్టరైన ఫోన్ నుంచి 99660 44425కి మిస్డ్ కాల్ ఇచ్చినా చివరి జమ తెలుస్తుంది. ఏ నెల కోత ఉంది, ఏ నెల జమ లేదు అని పక్కపక్కన రాసి, పే స్లిప్పులు జతచేసి ఈపీఎఫ్ సంస్థ గ్రీవెన్స్ పోర్టల్‌లో వేయండి. ఆలస్యానికి ఏడాదికి 12 శాతం వడ్డీ, దానికి తోడు నష్టపరిహారం కంపెనీ నుంచే వసూలు చేస్తారు, మీ జేబులోంచి కాదు.

ఒక విషయం సూటిగా చెప్పాలి. పీఎఫ్ ఆపిన కంపెనీలో తర్వాత ఆగేది జీతమే. కొత్త ఉద్యోగం చూసుకోవడానికి ఇంతకన్నా పెద్ద కారణం అక్కర్లేదు.

మారాక పాత ఖాతా డబ్బు తీసుకోకుండా బదిలీ చేసుకోండి. ఐదేళ్ల సర్వీసు నిండకముందు తీస్తే పన్ను పడుతుంది, బదిలీ చేస్తే పాత సర్వీసు కలుస్తుంది. పింఛనుకు పదేళ్లు కావాలి కాబట్టి పింఛను వాటా తీసేస్తే లెక్క మళ్లీ మొదటికొస్తుంది. బదిలీ ఎక్కువగా ఆగేది పాత కంపెనీ ‘ఎగ్జిట్ తేదీ’ వేయకపోవడం వల్ల. చివరి జమ తర్వాత రెండు నెలలు ఆగి, యూఏఎన్ (పీఎఫ్ సభ్యుడి నంబరు) పోర్టల్‌లో ‘మార్క్ ఎగ్జిట్’ దగ్గర ఆధార్ ఓటీపీతో మీరే వేసుకోవచ్చు. పాత కంపెనీని బతిమాలక్కర్లేదు.

ప్రశ్న: టీమ్ లీడ్‌ని. పైనుంచి అసాధ్యమైన గడువులు వస్తాయి, కింద టీమ్ నన్నే తిడుతుంది. మధ్యలో నలిగిపోతున్నాను.

జవాబు: ‘కుదరదు’ అనకండి, ఎంపికలు ఇవ్వండి. ‘ఇద్దరితో మూడు వారాలు, నలుగురితో రెండు, పరిధి తగ్గిస్తే పది రోజులు. ఏది కావాలి?’ అని రాసి పంపండి. జవాబు ఏదైనా నిర్ణయం పైవాళ్లది అవుతుంది. టీమ్‌తో అబద్ధం ఆడకండి. గడువు మీరు పెట్టింది కాదని చెప్పొచ్చు, పైవాళ్లను వెక్కిరించకండి. ఆ మాట సాయంత్రానికల్లా పైకి చేరుతుంది.

ప్రశ్న: ఆదివారం సాయంత్రం అయ్యేసరికి గుండె దడ, నిద్ర పట్టదు. ఉద్యోగం వెంటనే మానేయాలా?

జవాబు: రెండు వారాలు దాటినా నిద్ర, ఆకలి సరిగా లేకపోతే ముందు డాక్టరు దగ్గరికి వెళ్లండి. గుండె దడకు కారణం ఆఫీసే అని మీరే తేల్చేసుకోకండి, పరీక్ష చేయించుకోండి. మాట్లాడాలనిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవ టెలి మానస్ నంబరు 14416 ఏ సమయంలోనైనా పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. చనిపోవాలన్న ఆలోచనలు వస్తుంటే ఇవాళే ఫోన్ చేయండి, ఇంట్లో ఒకరికి చెప్పండి. అప్పుడు జీతం లెక్కలు చూసుకుంటూ కూర్చోవద్దు.

అంత తీవ్రంగా లేకపోతే చేతిలో కనీసం నాలుగు నెలల ఖర్చులు, ఈఎంఐలతో కలిపి, ఉన్నాక మానేయడం మంచిది. గ్రూప్ ఇన్సూరెన్సు మామూలుగా చివరి పనిదినంతో ముగుస్తుంది. అదే బీమా కంపెనీలో వ్యక్తిగత పాలసీకి మారే వీలుందేమో చివరి తేదీకి చాలా ముందే అడగండి. ఇంట్లో ఎవరికైనా చికిత్స జరుగుతుంటే ఇది జీతం కన్నా ముఖ్యం.

ప్రశ్న: కొత్త కంపెనీ కూడా ఇలాంటిదే కాదని ముందే తెలుసుకునేదెలా?

జవాబు: ఇంటర్వ్యూలో మీరూ అడగండి. ‘ఈ పోస్టు ఎందుకు ఖాళీ అయింది? ఇంతకుముందున్న మనిషి ఎంతకాలం చేశారు?’ అని అడిగి జవాబు కన్నా ముందు వచ్చే తడబాటు గమనించండి. మీ మేనేజరు కాబోయే మనిషితో అరగంట మాట్లాడించమనండి. ఒప్పుకోకపోతే అనుమానించాల్సిందే. ‘మేమంతా ఒక కుటుంబం’ అన్నచోట ఓవర్‌టైమ్ గురించి తప్పకుండా అడగండి. అదే టీమ్‌లో గత ఏడాది మానేసినవారిని ఒకరిద్దరిని వెతికి పట్టుకుంటే పది నిమిషాల్లో అసలు సంగతి తెలుస్తుంది. పాత ఉద్యోగం ఎందుకు వదులుతున్నారంటే బాసు కథలు వద్దు. ‘రెండేళ్లుగా బాధ్యత పెరిగింది, హోదా పెరగలేదు’ అంటే చాలు, అది నిజమే కూడా.

ప్రశ్న: ఎగ్జిట్ ఇంటర్వ్యూలో మనసులో ఉన్నదంతా చెప్పేయొచ్చా?

జవాబు: అంతా వద్దు. రెండు విషయాలు, మనుషుల పేర్లు లేకుండా, పని భాషలో: ‘టార్గెట్లు నెల మధ్యలో మారేవి’, ‘రేటింగ్‌కి కారణం రాతలో ఇవ్వలేదు’. మిగతాది ఉద్యోగంలో ఉన్నప్పుడే రాసిన ఫిర్యాదులో ఉండాల్సింది. బాకీ లెక్క, లెటరు రెండూ చేతికి రాకముందు అసలేమీ చెప్పకపోయినా తప్పులేదు. ఆ ఫారంలో ‘కంపెనీ నుంచి నాకు రావాల్సిందేమీ లేదు’ అన్న లైను ఉందేమో మాత్రం చూసుకోండి. ఉంటే సంతకం పక్కన ‘తుది సెటిల్‌మెంటు సొమ్ము అందాక మాత్రమే’ అని రాసి, తేదీ వేసి, ఒక కాపీ తెచ్చుకోండి.